సైకాలజీ డిపార్ట్‌మెంట్ చరిత్ర రాసే పని మీ నెత్తిన పడిందా? ఇలా మొదలుపెట్టండి

కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ టీమ్ వస్తోందనో, గోల్డెన్ జూబ్లీకి సావనీర్ వేస్తున్నామనో ఒకరోజు హెచ్‌ఓడి గారు పిలిచి "నువ్వు తెలుగు బాగా రాస్తావు కదా, మన డిపార్ట్‌మెంట్ చరిత్ర ఓ పది పేజీలు రాసిపెట్టు" అంటారు. బాగా రాస్తావు అంటే ఖాళీగా కనిపిస్తున్నావని అర్థం. నాకూ అలాగే తగిలింది. అప్పుడు నేను చేసిన పనే అందరూ చేస్తారు: పాత సావనీర్ తీసి, అందులో ఉన్నది కాస్త మార్చి, హెచ్‌ఓడిల ఫొటోలు వరసగా పెట్టి, చివర్లో ఇద్దరు ముగ్గురు పూర్వ విద్యార్థులు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారని రాసి ప్రెస్సుకి పంపేశాను.

ఫంక్షన్ రోజు భోజనాల దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు ప్లేటు పట్టుకునే నా దగ్గరికి వచ్చి, "బాబూ, నువ్వు వేసిన సంవత్సరం ప్రకారం నేను ఎంఏ పాసైన రెండేళ్లకి ఈ డిపార్ట్‌మెంట్ పుట్టింది, మరి నేను ఎక్కడ చదివినట్టు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు మాత్రం ముద్ద దిగలేదు. తర్వాత తవ్వితే తేలిందేమిటంటే, ఆయన చదివింది సైకాలజీయే, కానీ అప్పటికి అది ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ కింద నడిచే కోర్సు. నేను కాపీ కొట్టిన సావనీర్‌లో ఉన్నది విడిపోయి సొంత బోర్డు పెట్టుకున్న సంవత్సరం. అంతకుముందు చదివిన బ్యాచ్‌ల పిల్లల్ని నేను అచ్చులో లేకుండా చేసేశాను.

కాబట్టి మొదటి పని, ఒక కాగితం మీద నాలుగు తేదీలకి చోటు పెట్టుకోండి: కోర్సు పెట్టాలని సిండికేట్‌లో, అంటే యూనివర్సిటీ పాలక మండలిలో, తీర్మానం అయిన తేదీ, మొదటి బ్యాచ్ క్లాసులో కూర్చున్న తేదీ, విడి డిపార్ట్‌మెంట్‌గా గుర్తింపు వచ్చిన తేదీ, మొదటి పీహెచ్‌డీ ఇచ్చిన తేదీ. ఈ నాలుగూ ఒకే ఏడాది పడితే అదృష్టం, పడవు. "స్థాపన" అన్న మాట రాసేటప్పుడు వీటిలో దేన్ని స్థాపన అంటున్నారో పక్కనే చెప్పేయండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఈ తేదీలు దొరికేది యూనివర్సిటీ క్యాలెండర్‌లో. క్యాలెండర్ అంటే గోడకి తగిలించేది అనుకునేరు. కోర్సులు, పేపర్లు, నిబంధనలు, టీచర్ల పేర్లు, ఒక్కోసారి పాసైన వాళ్ల పేర్లతో సహా యూనివర్సిటీ అచ్చు వేసుకునే లావుపాటి పుస్తకం అది. సెంట్రల్ లైబ్రరీలో ఎవరూ వెళ్లని మూల ఉంటుంది, దుమ్ముకి రుమాలు తీసుకెళ్లండి. సైకాలజీ మొదలైందనుకుంటున్న ఏడాది నుంచి చూడొద్దు, అంతకు పది పదిహేనేళ్ల వెనక నుంచి ఫిలాసఫీ ఎంఏ, బీఎడ్ సిలబస్‌లు తిరగేయండి. డిపార్ట్‌మెంట్ పుట్టకముందే సైకాలజీ ఒక పేపర్‌గా ఎవరింట్లోనో అద్దెకి ఉండి ఉంటుంది. ఎవరింట్లో అన్నదే అసలు కథ. నన్నడిగితే పదిమంది హెచ్‌ఓడిల పేర్ల కన్నా ఈ ఒక్క సంగతే డిపార్ట్‌మెంట్ గురించి ఎక్కువ చెబుతుంది.

ఫిలాసఫీ ఇంట్లో పెరిగిన సైకాలజీకి చైతన్యం, యోగం, భారతీయ మనస్తత్వ చింతన మీద మోజు ఎక్కువ. ఎడ్యుకేషన్ ఇంట్లో పెరిగితే ప్రజ్ఞ పరీక్షలు, మార్కులు, టీచర్ల వృత్తి సంతృప్తి. ఆస్పత్రి పక్కన పెరిగిన దాని తీరు వేరు, బెంగళూరులో 1954లో మొదలై తర్వాత నిమ్హాన్స్‌గా మారిన సంస్థలో లాగా అక్కడ రోగి ముందు, సిద్ధాంతం తర్వాత. మన దేశంలో మొదటి డిపార్ట్‌మెంట్ అయిన కలకత్తా సంగతే చూడండి. సిలబస్ గీసింది బ్రజేంద్రనాథ్ సీల్, ఆయన తత్వవేత్త. 1916లో డిపార్ట్‌మెంట్ నడపడానికి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ అనే జర్మన్ సైకాలజిస్టు దగ్గర ప్రయోగాలు నేర్చుకున్న మనిషి. అంటే ఇల్లు ఫిలాసఫీది, సామాను జర్మన్ ల్యాబ్‌ది. మద్రాసు యూనివర్సిటీలో 1943 దాకా విడి డిపార్ట్‌మెంట్ లేదు.

ఇక మనకి దగ్గరి ఉదాహరణ, ఆంధ్రా యూనివర్సిటీ. 1926లో బెజవాడలో పుట్టి తర్వాత వాల్తేరు కొండ మీదికి మారిన ఈ యూనివర్సిటీకి మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి, రెండో వీసీ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఫిలాసఫీకి అక్కడ ఎంత గౌరవం ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఫిలాసఫీ నుంచే వచ్చిన కోనేరు రామకృష్ణారావు గారు అమెరికా వెళ్లి, డ్యూక్ యూనివర్సిటీలో అతీంద్రియ శక్తుల మీద ప్రయోగాలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి తిరిగొచ్చి, 1960ల చివర్లో విశాఖలో డిపార్ట్‌మెంట్ పెట్టారు. దాని పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. దేశంలో మిగతా చోట్ల సైకాలజీ వాళ్లు "మాదీ సైన్సే" అని నిరూపించుకోవడానికి తంటాలు పడుతున్న రోజుల్లో, ఒక ప్రాంతీయ యూనివర్సిటీ అతీంద్రియ శక్తుల పరిశోధనని బోర్డు మీదే రాసుకుంది. ఆయన తర్వాత 1980లలో అదే యూనివర్సిటీకి వీసీ అయ్యారు, 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో పోయారు.

ఇలాంటిది మీ చరిత్రలో తగిలితే ఏం చెయ్యాలి? రెండు తప్పులు జరుగుతాయి. కొందరు సిగ్గుపడి ఆ మాటే ఎత్తరు. కొందరు "మన రుషులు ఎప్పుడో చెప్పారు" అని ఊగిపోతారు. ఈ రెండిటి కన్నా, ఆ గదిలో రోజూ ఏం చేసేవాళ్లో రాయండి. రైన్ పద్ధతి తీసుకుందాం. జెనర్ కార్డులని ఉంటాయి, కట్టలో 25. వాటి మీద వృత్తం, ప్లస్ గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కో బొమ్మ ఐదేసి కార్డుల మీద. ఒకరు కార్డు బోర్లించి ఉంచుతారు, రెండోవాళ్లు చూడకుండా అదేదో చెప్పాలి. ఏమీ తెలియకపోయినా గాలివాటంగా చెబితే సగటున 5 ఒప్పవుతాయి. ఒకసారి 8 వచ్చినంత మాత్రాన ఏమీ లేదు, వందల సార్లు చేయించినా సగటు 5 కన్నా పైనే నిలబడిందా అన్నది లెక్క. అంటే అతీంద్రియం సంగతి ఎలా ఉన్నా, కుర్రాళ్లు అక్కడ గట్టిగా నేర్చుకునేది సంభావ్యత, గణాంకాలు, సంజ్ఞలు బయటికి పొక్కకుండా ప్రయోగాన్ని కట్టుదిట్టం చేయడం. ఇంత వివరం రాశాక, వేరే ల్యాబుల్లో మళ్లీ చేస్తే ఆ ఫలితాలు నిలకడగా రాలేదనీ, అందుకే సైకాలజీ ప్రధాన స్రవంతి దాన్ని ఒప్పుకోలేదనీ కూడా ఒక వాక్యంలో రాసేయండి. పాఠకుడు మీకన్నా తెలివైనవాడు, మిగతాది వాడు చూసుకుంటాడు.

మనుషుల గురించి రాసేటప్పుడు డిపార్ట్‌మెంట్ ఫైలు దాటి బయటికి వెళ్లండి. మైసూరు యూనివర్సిటీలో 1924లో సైకాలజీ మొదలైంది. బ్రజేంద్రనాథ్ సీల్ అప్పుడు అక్కడ వీసీ, చూశారా, ఆయన పేరే మళ్లీ. డిపార్ట్‌మెంట్‌ని నిలబెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ అనే పేరున్న సైకాలజిస్టు దగ్గర చదువుకుని వచ్చారు. ఫైలు మాత్రమే చూస్తే ఆయన ప్రొఫెసర్, అంతే. కానీ ఆయన 1935లో మైసూరులో తన ఇంట్లోనే సొంతంగా ఒక రేడియో స్టేషన్ పెట్టారు, దానికి పెట్టిన పేరు ఆకాశవాణి. అవును, తర్వాత దేశం మొత్తానికీ రేడియో పేరైపోయిన మాటే. ఇలాంటిది ఒక్కటి దొరికితే మీ సావనీర్‌ని జనం చివరిదాకా చదువుతారు. మీ డిపార్ట్‌మెంట్‌లోనూ నాటకాలు వేసినవాళ్లు, జైలుకి వెళ్లి ఖైదీలకి కౌన్సెలింగ్ చేసినవాళ్లు, వార పత్రికల్లో మానసిక సమస్యలకి జవాబులు రాసినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, అడగండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. స్టాక్ రిజిస్టర్.

ల్యాబ్ అటెండర్‌ని మంచి చేసుకుని, పాత స్టాక్ రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో కనుక్కోండి. తేదీ, వస్తువు పేరు, ఎన్ని, ఎంతకి కొన్నారు, ఏ కంపెనీ, చివరి గడిలో "రిపేరు", "కండెమ్డ్" అని ఎర్ర సిరా. ఈ పుస్తకం అబద్ధం చెప్పదు, ఎందుకంటే ఆడిట్ భయం. బొమ్మని రెప్పపాటు కాలం మాత్రమే చూపించే టాచిస్టోస్కోప్, మెమరీ డ్రమ్, అద్దంలో చూస్తూ బొమ్మ గీయించే మిర్రర్ డ్రాయింగ్ సెట్టు, సమానమైన గీతలు చిన్నా పెద్దగా కనిపించే ముల్లర్-లయర్ బోర్డు వరసగా కొన్నారంటే ప్రయోగాల సైకాలజీ నడుస్తున్న కాలం అది. తర్వాత ఒక్కసారిగా యంత్రాలు ఆగిపోయి పేపర్-పెన్సిల్ పరీక్షల కట్టలు, ప్రశ్నావళులు రావడం మొదలైతే డిపార్ట్‌మెంట్ దారి మారిందని అర్థం. ఆ తర్వాత పదేళ్లు ఏమీ కొనకపోతే, అదీ చరిత్రే. ఖాళీ పేజీని కూడా ఫొటో తీసుకోండి.

మా బీరువాలో ఒక మెమరీ డ్రమ్ దొరికింది. కీ ఇచ్చి తిప్పితే డ్రమ్ము తిరుగుతూ చిన్న కిటికీలోంచి ఒక్కో పదం కొన్ని క్షణాలు కనిపించి పోయే పరికరం. లోపల కాగితం చుట్ట అలాగే ఉంది, పసుపు పచ్చగా మారి, అంచులు పొడిపొడిగా. దాని మీద అర్థం లేని అక్షర గుంపులు, ఎబ్బింగ్‌హాస్ 1885లో చెప్పిన పద్ధతి, అర్థం ఉంటే జ్ఞాపకం సులువైపోతుందని అర్థం లేనివి ఇస్తారు. కానీ ఇంగ్లీషు అక్షరాలతో రాసిన ఆ చుట్టలో కొన్నిటికి పక్కన పెన్సిలుతో గుండ్రంగా సున్నాలు చుట్టి ఉన్నాయి. మొదట అర్థం కాలేదు. పైకి చదివి చూస్తే "పుల్", "కల్" లాంటివి. ఇంగ్లీషు పుస్తకానికి అవి అర్థం లేనివే, తెలుగు పిల్లకి మాత్రం పుల్లా, కల్లూ గుర్తొచ్చి కష్టపడకుండానే జ్ఞాపకం ఉండిపోతాయి. ఎవరో మాస్టారు అది కనిపెట్టి, ఆ పదాలు లెక్కలోకి తీసుకోవద్దని గుర్తు పెట్టుకున్నారన్నమాట. ఆ సున్నాలు చుట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. నా పది పేజీల్లో నేను మనసు పెట్టి రాసిన పేరా మాత్రం అదొక్కటే.

అక్కడి నుంచి అడగాల్సిన ప్రశ్న ఒకటి పుడుతుంది: మీ డిపార్ట్‌మెంట్ బయటి కొలబద్దలు అలాగే వాడుకుందా, ఇక్కడి మనుషులకి సరిపడేలా మార్చుకుందా? ఉదాహరణకి భాటియా బ్యాటరీ. 1955లో వచ్చిన ప్రజ్ఞ పరీక్ష, ఐదు ఉపపరీక్షలు, చదువు రాని పిల్లలకి కూడా ఇవ్వొచ్చని దేశమంతా వాడారు. దాని ప్రమాణాలు, అంటే ఎవరి మార్కులతో పోల్చి చూడాలో చెప్పే లెక్కలు, మాత్రం ఉత్తరప్రదేశ్‌లో 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లల మీద తయారైనవి. వాటితో అనంతపురం ఆడపిల్లకి ప్రజ్ఞాలబ్ధి లెక్కకట్టి థీసిస్ రాసేస్తే ఏం కొలిచినట్టు? మీ దగ్గర ఎవరైనా పరీక్షల్ని తెలుగులోకి తెచ్చారా, తెచ్చాక తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూశారా, స్థానికంగా ప్రమాణాలు కట్టారా, పాత థీసిస్‌ల అనుబంధాల్లో వెతకండి. ప్రాంతీయ యూనివర్సిటీ అన్న మాటకి సైకాలజీలో ఏదైనా అర్థం ఉంటే అది ఇక్కడే ఉంది.

థీసిస్‌లకి శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ ఉంది, ఫోన్‌లోనే చూడొచ్చు, కానీ పాతవన్నీ అందులో ఉండవు. లైబ్రరీలో థీసిస్ సెక్షన్‌కి వెళ్లి వచ్చిన థీసిస్‌లన్నీ వరసగా ఎక్కించే యాక్సెషన్ రిజిస్టర్ చూసి ఒక ఎక్సెల్ షీట్ చేసుకోండి: ఏడాది, టైటిల్, గైడ్, ఎవరి మీద చేశారు, ఏ ఊళ్లో చేశారు, ఏ పరీక్ష వాడారు. సాయంత్రం కూర్చుని మొత్తం ఒకేసారి చదవండి. నవ్వొస్తుంది, కొంచెం బాధేస్తుంది కూడా, ఎందుకంటే ఫలానా జిల్లా కాలేజీ విద్యార్థుల ఆందోళన, ఫలానా జిల్లా టీచర్ల ఒత్తిడి అంటూ ఒకే అచ్చులో పోసిన టైటిళ్లు బారులు తీరి ఉంటాయి. కానీ మధ్యలో ఒకటి మెరుస్తుంది, జాలర్ల మీదో, బీడీ కార్మికుల మీదో, దేవుడు పూనే ఆడవాళ్ల మీదో. దాన్ని పూర్తిగా చదవండి, మిగతావి టైటిల్ చాలు.

ఇక భాష. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక సైకాలజీకి తెలుగు మాటలు స్థిరపడ్డాయి: ప్రజ్ఞ (ఇంటెలిజెన్స్), మూర్తిమత్వం (పర్సనాలిటీ), ప్రేరణ (మోటివేషన్), అభ్యసనం (లెర్నింగ్), పునర్బలనం (రీఇన్‌ఫోర్స్‌మెంట్). ఇవి మన ఎంఏ క్లాసుల్లో పెద్దగా వినపడవు, బీఎడ్, డీఎస్సీ కోచింగ్ సెంటర్లలో మాత్రం పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. అంటే తెలుగులో సైకాలజీ చదివింది ఎక్కువగా టీచర్లు, టీచర్ కావాలనుకున్నవాళ్లు. చిన్న తమాషా కూడా ఉంది. గంట వినగానే కుక్కకి నోరూరేలా చేసిన పావ్‌లోవ్ ప్రయోగాన్ని, అంటే క్లాసికల్ కండిషనింగ్‌ని, మనవాళ్లు శాస్త్రీయ నిబంధనం అన్నారు, క్లాసికల్ అన్న మాటకి శాస్త్రీయ సంగీతంలో వాడే శాస్త్రీయ తెచ్చిపెట్టి. దాంతో చాలామంది అది సైన్సు ప్రకారం చేసింది, బహుమతులిచ్చి అలవాటు చేసే స్కిన్నర్ పద్ధతి కాదేమో అనుకుంటారు. మీ డిపార్ట్‌మెంట్ టీచర్లు ఎవరైనా అకాడమీ పుస్తకాలు రాశారేమో, పరిష్కరించారేమో లోపలి పేజీల్లో చూడండి, వాళ్లు ఈ సంగతి తమ బయోడేటాలో కూడా రాసుకోకపోవచ్చు, ఇంగ్లీషు జర్నల్‌కి ఉన్న విలువ దానికి లేదు మరి.

మనుషుల్ని కలిసేటప్పుడు "మీ అనుభవాలు చెప్పండి సార్" అని మొదలెడితే ఉపన్యాసం వస్తుంది. పాత గ్రూప్ ఫొటో ఒకటి తీసుకెళ్లి చేతిలో పెట్టి ఊరుకోండి. "వీడు ఇక్కడెందుకున్నాడు, వీడు స్టాటిస్టిక్స్ వాడు కదా" అని ఆయనే మొదలెడతారు. ఫొటో వెనక ప్రతి తలకీ పేరు రాయించుకోండి. ప్రొఫెసర్లని మాత్రమే కలవొద్దు, థీసిస్‌లు టైపు చేసిన ఆయన, ల్యాబ్ అటెండరు, హాస్టల్ నుంచి పిల్లల్ని ప్రయోగాలకి పట్టుకొచ్చిన సీనియర్లు, వీళ్ల దగ్గర సరుకుంది. ఒకరు చెప్పిన సంవత్సరాన్ని ఎప్పుడూ నేరుగా రాయకండి. "ఎమర్జెన్సీకి ముందా, తర్వాతా", "తుపానుకి ముందా" అని అడిగి క్యాలెండర్‌తో సరిచూసుకోండి.

పోస్టుల గొడవలు, ప్రమోషన్ కేసులు, కులం కోపాలు అన్నీ చెబుతారు. వినండి. కోర్టు తీర్పు, ప్రభుత్వ ఉత్తర్వు లాంటి కాగితం ఉన్నది రాయండి, మిగతాది టీతో పాటు అక్కడే వదిలేయండి. ఇంకో విషయంలో మాత్రం మరీ జాగ్రత్త: బీరువాలు వెతికేటప్పుడు కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ల ఫైళ్లు, పరీక్షల జవాబు పత్రాలు పేర్లతో సహా తగులుతాయి. అవి చరిత్ర సామగ్రి కాదు, ఎంత ఆసక్తిగా ఉన్నా తెరవొద్దు, ఫొటో తీయొద్దు, హెచ్‌ఓడికి చెప్పి తాళం వేయించండి.

మీది కొత్త యూనివర్సిటీ అయితే మొదటి కాగితాలు మీ దగ్గర ఉండవు. నాగార్జున 1976కి ముందు ఆంధ్రా యూనివర్సిటీ వారి గుంటూరు పీజీ సెంటర్, కాకతీయ అదే 1976 దాకా ఉస్మానియా వారి వరంగల్ సెంటర్, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ 1981 దాకా తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ వారి సెంటర్. కాబట్టి బస్సెక్కి తల్లి యూనివర్సిటీ రికార్డ్ రూమ్‌కి వెళ్లాల్సిందే, రిజిస్ట్రార్ గారి పేర ఉత్తరం లేకుండా వెళితే మాత్రం ఒక రోజు వృథా.

పిల్లలు చదివాక ఎక్కడికి వెళ్లారన్నది అందరూ పూర్వ విద్యార్థుల మెరుపులతో నింపేస్తారు. మామూలు వాళ్ల సంగతి రాయండి. 1992 రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చాక క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఎంఏ సరిపోలేదు, కౌన్సిల్ గుర్తించిన శిక్షణ ఉండాలి. దానికి సీట్లు తక్కువ, మన చుట్టుపక్కల మరీ తక్కువ. ఎంఏ చేసి ఆస్పత్రిలో కూర్చుందామనుకున్న పిల్ల చివరికి హెచ్‌ఆర్‌లోనో, స్కూల్ కౌన్సిలర్‌గానో, మళ్లీ బీఎడ్ చేసి టీచర్‌గానో తేలింది. ఒక్క బ్యాచ్ తీసుకుని, పదిహేను మందో ఇరవై మందో, అందరికీ ఫోన్ చేయండి. వాట్సాప్ గ్రూపులో అడిగితే బాగా స్థిరపడ్డవాళ్లే జవాబిస్తారు, తక్కినవాళ్లు చూసి ఊరుకుంటారు.

రాసేటప్పుడు ప్రతి తేదీ పక్కనా అది ఎక్కడ దొరికిందో మీ నోట్సులో ఉంచుకోండి, అచ్చులో వేయకపోయినా సరే, భోజనాల దగ్గర ఎవరైనా ప్లేటు పట్టుకుని వస్తే చూపించొచ్చు. ప్రూఫులు ఇద్దరికి చూపించండి, ఒకరు అక్షరదోషాలకి, ఒకరు మొదటి బ్యాచ్ నుంచి. వీసీ గారి సందేశం ఎలాగూ ముందు పేజీలో వస్తుంది, దాని గురించి మీరు బెంగపడక్కర్లేదు.

స్టాక్ రిజిస్టర్ పని మాత్రం అన్నిటికన్నా ముందు చేసేయండి. న్యాక్ టీమ్ వస్తోందంటే రూములకి రంగులు వేస్తారు, రంగులు వేస్తే బీరువాలు ఖాళీ చేస్తారు. మా మెమరీ డ్రమ్ అలాగే వరండాలో విరిగిన కుర్చీల మధ్య నాలుగు రోజులుంది. కాగితం చుట్టని నేను ముందే తీసి కవర్లో పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, డ్రమ్ము మాత్రం కిలోల లెక్కన పోయింది.